గుడిస కొండకి కిరాయి జీపు: ఇంట్లో జిమ్నీ ఉండగా ఇదెందుకంటే

ముందే చెప్పేస్తున్నాను. గోదావరి మన్యంలోని మారేడుమిల్లి నుంచి, జనం సూర్యోదయం చూడ్డానికి వెళ్లే గుడిస కొండ మీదకి కిరాయి జీపులో వెళ్లొచ్చాం. డబ్బుకి న్యాయం జరిగింది, నడుముకి మాత్రం జరగలేదు.

మాది కడియం, నర్సరీ వ్యాపారం. ఇంటి ముందు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ పవరుండే) మారుతి జిమ్నీ పెట్టుకుని కిరాయి జీపు ఎక్కడమేంటని మా పెద్దాడు ఇప్పటికీ దెప్పుతుంటాడు. వాడికి చెప్పిన జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. కొత్తగా థారో జిమ్నీయో కొని, ఎక్కడికి తీసుకెళ్లాలా అని వెతుక్కునేవాళ్లకి పనికొస్తుంది. తెలియని కొండదారికి మొదటిసారి సొంత బండి తీయకూడదన్నది నా పట్టుదల. ఆ దారిలో రోజూ తిరిగే మనిషి పక్కన కూర్చుని వెళ్లి, ఎక్కే చోటు కన్నా దిగే చోటు బాగా చూసుకుని, అప్పుడు మన బండి సంగతి తేల్చుకోవాలి. జీపు కిరాయి నా లెక్కలో సర్వే ఖర్చు.

జీపు కుదుర్చుకోవడం తేలికే. మారేడుమిల్లిలో ఏ రిసార్టులో దిగినా, ఏ బొంగులో చికెన్ కొట్టు ముందు నిలబడినా "గుడిస వెళ్తారా అండి" అని ఎవరో ఒకరు పలకరిస్తారు. ఎక్కువగా పాత కమాండర్ జీపులు, బొలెరోలు. మనిషికి ఇంతని ఉండదు, బండికి ఇంత. మాకు నాలుగు వేలకి కుదిరింది, మొదట చెప్పింది ఇంకా ఎక్కువే. శని, ఆదివారాల్లోనూ సంక్రాంతి సెలవుల్లోనూ బేరాలు సాగవు, అడిగినంతా ఇవ్వాల్సిందే. చెక్‌పోస్టు దగ్గర కట్టే రుసుము కిరాయిలో కలిసిందో లేదో ముందే అడిగేయండి. మాకు కలవలేదు, ఆ సంగతి చెక్‌పోస్టు దగ్గరే తెలిసింది. వేళలు, రుసుములు, పైన ఏం చేయొచ్చు ఏం చేయకూడదు అన్నవి మారుతుంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే కనుక్కోవడం మంచిది. పెట్రోలు, డబ్బు రంపచోడవరంలోనే చూసుకోండి. మారేడుమిల్లి దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాలన్నారు. మేం మూడింటికి మంకీ క్యాపులు పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాం. బండి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. ఒక హెడ్‌లైటు దివ్యంగా ఉంది, రెండోది కళ్లు మూసుకుని ధ్యానంలో ఉంది. వెనక ఎదురెదురు బల్లసీట్లు, లోపల స్పాంజి ఎప్పుడో పోయింది. సీటుబెల్టు అన్న మాటే లేదు. స్టెప్నీ మాత్రం అడిగి చూపించుకున్నాను. టైరు అరిగింది కానీ గాలి ఉంది. ఇది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. నేను డ్రైవరు చేతుల వంకే చూశాను. దారిలో ఉన్న పుల్లంగి వైపు కుర్రాడు, పాతికేళ్లు ఉంటాయేమో. స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు లోపలికి దూర్చలేదు, చక్రం పైనే ఆనించాడు. రాయి తగిలి స్టీరింగు గిర్రున తిరిగితే బొటనవేలు విరుగుతుంది. అది తెలిసినవాడు ఆ దారిలో దెబ్బలు తిన్నవాడేనని ధైర్యం వచ్చింది.

పుల్లంగి దాకా గొప్పగా చెప్పుకోడానికేమీ లేదు. చీకట్లో అడవి, చలి, మా ఆయన గురక. తరవాత రోడ్డు ముక్కలు ముక్కలుగా మారి, చివరికి రాళ్లూ మట్టే మిగిలాయి. అక్కణ్నుంచి ఈ ప్రయాణం విలువ తెలుస్తుంది.

ఒక మలుపు దగ్గర వానాకాలం నీళ్లు కోసేసిన గాళ్లు రెండున్నాయి, మోకాలి లోతు. కుర్రాడు బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులోనే ఉంచి దిగాడు. ఫోను లైటు వేసి ఆ గాళ్ల పొడుగునా నడిచి చూశాడు. తలకాయంత రాయిని కాలితో దొర్లించి ఒక గాడిలోకి తోశాడు, ఇంకో చిన్న రాయి దాని పక్కన ఇరికించాడు. మళ్లీ ఎక్కి "అమ్మా, చెయ్యి బయట పెట్టకండి" అన్నాడు. చేతులు లోపలికి తీసుకున్నాం. ఎడమ చక్రాలు గట్టు మీద, కుడి చక్రాలు రెండు గాళ్ల మధ్య మిగిలిన ఎత్తు మీద పెట్టి, మొదటి గేరులో, యాక్సిలరేటరు అదిమీ అదమనట్టు నొక్కి ఉంచి దాటించాడు. ఎక్కడా రొద లేదు, చక్రాలు ఉన్నచోటే ఊరికే తిరగడం లేదు.

"గాట్లో దింపితే తేలిక కదా బాబూ, దారి ఉన్నట్టే ఉంది" అన్నాను.

"దిగితే మధ్య గడ్డ మీద బండి కింద ఇరుసు హౌసింగ్ కూర్చుంటుందమ్మా. చక్రాలు గాల్లో తిరుగుతాయి. అప్పుడు మీరందరూ దిగి తొయ్యాలి" అన్నాడు.

అతని బండి ఫోర్ బై ఫోర్ కాదు. వెనక చక్రాలకే పవరు. ఈ మాట మా పెద్దాడికి ప్రత్యేకంగా చెప్పాను, ఎందుకంటే వాడు "ఫోర్ లో" (నాలుగు చక్రాలకీ నెమ్మదిగా, ఎక్కువ బలం ఇచ్చే గేరు) లివరు లాగితే కొండలు వంగి దండం పెడతాయని నమ్ముతాడు. మా జిమ్నీకి నేలకీ మధ్య ఖాళీ 210 మిల్లీమీటర్లు, థార్‌కి 226. కాగితం మీద ఈ తేడా గురించి మగాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. ఆ గాడి లోతు ముందు రెండూ ఒకటే. చక్రం ఎక్కడ పెట్టాలో తెలిస్తే రెండూ దాటతాయి, తెలియకపోతే రెండూ కూర్చుంటాయి. జిమ్నీకి కలిసొచ్చేది వెడల్పు. 1645 మిల్లీమీటర్లే గనక గట్టుకీ గాడికీ మధ్య నిలబడటానికి చోటు దొరుకుతుంది. థార్ 1820. ఈ దారిలో ఎదురు జీపు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిన చోట్లున్నాయి. అక్కడ ఆ జానెడు తేడా పనికొస్తుంది.

పైన మేఘాలు, గడ్డి కొండలు, ఎర్రగా లేచే సూర్యుడు. ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి, నేను కొత్తగా చెప్పేదేం లేదు. బాగుంది, చాలా బాగుంది. జనం కూడా బాగానే ఉన్నారు. డిసెంబరు ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్లండి. గడ్డి మీదకి బండ్లు ఎక్కించి రీల్స్ తీసుకునే ఒకరిద్దర్ని చూశాను. చెట్లు అమ్ముకుని బతికేదాన్ని కాబట్టి ఒళ్లు మండింది. కొండ మీద మట్టి పొర పల్చగా ఉంటుంది, టైరు ఒకసారి గడ్డి వేళ్లు లేపేస్తే తరవాతి వానకి అక్కణ్నుంచే కోత మొదలవుతుంది. మోకాలి లోతు గాళ్లు ఇలాగే పుడతాయి.

దిగేటప్పుడు నేను ముందు సీటు అడిగాను. సర్వే పని అసలు ఇక్కడే. వెలుతురులో దారంతా కనిపిస్తుంది కదా, ఎక్కడ రెండు బండ్లు తప్పుకోవచ్చు, ఎక్కడ వెనక్కి తిప్పుకోవచ్చు, ఏ మలుపు లోయ వైపు వాలి ఉంది, అన్నీ ఫోనులో ఫొటోలు తీసుకున్నాను. కుర్రాడు ఎక్కిన గేరులోనే దింపాడు. బ్రేకు మీద కాలు పెట్టింది తక్కువ, బండిని ఇంజనే పట్టుకుంది. సగం దారిలో హైదరాబాద్ వైపు నంబరున్న ఒక పెద్ద కారు పక్కకి ఆగి ఉంది, ముందు చక్రాల దగ్గర ఘాటు వాసన. ఆటోమేటిక్‌లో డ్రైవ్‌లోనే పెట్టేసి బ్రేకు నొక్కుకుంటూ వచ్చారట. ఒకాయన నీళ్ల సీసా తీసి చక్రం మీద పోయబోతుంటే మా జీపు కుర్రాడు కేకేశాడు. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పోస్తే వంగిపోవచ్చు, పగలొచ్చు. చక్రం కింద రాయి పెట్టి, అరగంట కూర్చోమని, తరవాత ఒకటో గేరులో దింపుకోమని చెప్పి కదిలాడు. నాలుగు వేల కిరాయిలో ఈ పాఠం కూడా కలిసింది.

సేవకి నా మార్కులు పదికి ఏడు. ఆలస్యానికి ఒకటి, ఆ రెండో హెడ్‌లైటుకి ఒకటి, చెక్‌పోస్టు రుసుము ముందు చెప్పనందుకు ఒకటి కోసేశాను. నడపడం విషయంలో కోయడానికేమీ దొరకలేదు. మోకాళ్లు, నడుము నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు ఎక్కొద్దు. వాంతులయ్యేవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లండి, ముందు సీటు రాయించుకోండి.

ఇక మా జిమ్నీ సంగతి. నేల ఎండి ఉన్న రోజుల్లో, పక్కన ఇంకో బండి ఉంటే, వెళ్తుంది. వానల్లో నేనైతే తీయను. రోజూ ఎర్రమట్టి ట్రాక్టర్ల కొద్దీ దింపించుకునేదాన్ని, ఆ మట్టి తడిస్తే ఏమవుతుందో చెప్పగలను. ఎండలో ఇటుకలా ఉంటుంది, ఒక్క జల్లు పడితే పైన జిగురు పొర కట్టి టైరు గళ్లన్నీ పూడ్చేస్తుంది. కింద రాయి గట్టిగానే ఉంటుంది, టైరు దాన్ని అందుకోదు. నల్లరేగడి ఇంకో రకం పేచీ. అది బండిని జార్చడంతో ఆగదు, మింగుతుంది. తెలంగాణలో, రాయలసీమలో చెరువు పొలాల పక్క దారులు చూసుకునేవాళ్లు ముందు కిందకి దిగి, గుప్పెడు మట్టి తీసి, నీళ్లు చిలకరించి, పిసికి చూడండి. తాడులా సాగితే వాన రోజు అటు వెళ్లకండి. ఏ యాప్ కన్నా ఇది నమ్మకం.

యాప్‌ల మాట వచ్చింది కాబట్టి. మా పెద్దాడు ఉపగ్రహం మ్యాపులో అడవి మధ్యలో సన్నటి తెల్లగీత చూపించి "అమ్మా, ఇదిగో ఎవరికీ తెలియని ట్రాక్" అంటాడు. మన్యంలో అలాంటి గీతల్లో చాలా వరకు ఎవరో ఒకరికి బాగా తెలిసిన దారులే. పోడు పొలానికో, జీడిమామిడి తోటకో, ఊళ్లో వాళ్లు పశువులు తోలుకెళ్లే దారో అయ్యుంటుంది. చివర ఒక కంచె, ఒక కుక్క, ఒక కోపిష్టి రైతు. ఏజెన్సీ భూమి అంటే, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం గురించి రాజమండ్రిలో ప్రతి రియల్ ఎస్టేటు బ్రోకరుకీ తెలుసు, పొలం గట్టు తొక్కకూడదన్న ఇంగితం మాత్రం జీపు కొన్నవాళ్లకి తెలియదు. ఊళ్లో అడగండి. "ఇటు బండి పోతుందా" అని కాకుండా "ఇటు బండి పోవచ్చా" అని అడిగితే సరైన జవాబు వస్తుంది.

అడవి సంగతి ఇంకా గట్టిది. గోదావరికి అటూ ఇటూ ఉన్న పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా లోపలికి బండి పెట్టడం నేరం. గేటు తెరిచి ఉంది కదా, గార్డు లేడు కదా అన్న మాటలు కోర్టులో చెల్లవు. అడవి చూడాలనిపిస్తే అటవీశాఖ నడిపే సఫారీ జీపులు ఎక్కడం ఉత్తమం. నల్లమలలో ఫర్హాబాద్ వైపు వాళ్లే తీసుకెళ్తారు.

మాకు దగ్గరలో ఇంకో చోటు ఉంది, గోదావరి ఇసుక. వేసవిలో నది సన్నబడ్డాక, ఇసుక లారీలు దిగే ర్యాంపుల వైపు నుంచి దిగొచ్చు. ఇసుకలో నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. టైర్లలో గాలి సగానికి దగ్గరగా, పదహారు పద్దెనిమిది పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు పరుచుకుని తేలుతుంది. బయటికొచ్చాక మళ్లీ కొట్టుకోవడానికి సిగరెట్ సాకెట్‌కి తగిలించే చిన్న పంపు ఒకటి ఉండాలి, గాలి తక్కువ పెట్టుకుని హైవే ఎక్కితే టైరు పోతుంది. లారీలు తిరిగిన జాడ గట్టిగా ఉంటుంది కాబట్టి దాని మీదే ఉండాలి. భయమంతా ఇసుక తవ్విన గోతులతోనే. పైన ఎండి, కింద నీరు ఊరి, చూడ్డానికి చదునుగా ఉంటాయి. కర్రతో పొడిచి చూడకుండా జాడ దిగకూడదు. ర్యాంపు నడిపేవాళ్లని అడగకుండా వెళ్తే వాళ్లు అరుస్తారు, అందులో తప్పు లేదు, లారీల మధ్య మనం అడ్డం. నా మట్టుకు నాకు పొద్దున్నే, ఎండెక్కకముందు, పార పట్టుకుని వెళ్తే బాగుంటుంది.

సముద్రం ఒడ్డు నా జాబితాలో లేదు. ఉప్పునీళ్లు అడుగు భాగాన్ని తినేస్తాయన్నది ఒక కారణం. రెండోది, శీతాకాలం చివర నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి, కోరంగి పక్కన హోప్ ఐలాండ్ అందుకు పేరుపడ్డదే. గుడ్లు పెట్టేది అలలు తాకని పొడి ఇసుకలో, సరిగ్గా జీపులవాళ్లు పరిగెత్తించాలనుకునే చోట. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోకి బండి దింపుతామని బయల్దేరేవాళ్లకైతే నా దగ్గర మర్యాదైన మాటలు లేవు.

మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, వాడికి థార్. ఊరి బయట డబ్బులు కట్టి తిప్పుకునే ఆఫ్‌రోడ్ ట్రాక్‌కి ఒకసారి మమ్మల్ని తీసుకెళ్లాడు. మట్టి దిబ్బలు, ఒక చక్రం గాల్లోకి లేచేలా తవ్విన గోతులు, బురద కాలవ, పక్కన లాగడానికి ట్రాక్టరు సిద్ధం. ఫోర్ హైకి, ఫోర్ లోకి తేడా ఏంటో, చక్రం గాల్లో ఉన్నప్పుడు జిమ్నీ దానికి బ్రేకు వేసి, నేల మీదున్న రెండో చక్రానికి పవరు ఎలా పంపుతుందో అక్కడ అరగంటలో ఒంటికి ఎక్కింది. కొత్తవాళ్లు కొండకి వెళ్లేముందు ఇలాంటి చోటికి వెళ్లాలి, అందులో అనుమానం లేదు. నచ్చనిది నీళ్ల గొయ్యి. లోతెంతో ఎవరూ కొలవలేదు, ముందు బండి వెళ్లిందని వెనక బండిని పంపుతున్నారు. థార్‌కి కంపెనీ చెప్పేది 650 మిల్లీమీటర్ల నీటి లోతు. అంతకు మించి ఇంజన్‌లోకి నీళ్లు లాగితే రిపేరు బిల్లు లక్షల్లోకి పోతుంది, ఇంజన్‌కి విడిగా కవర్ తీసుకోకపోతే మామూలు పాలసీలో అది రాదు. పోటీలు, స్పీడు పరీక్షలు లాంటివాటికైతే పాలసీ అసలే వర్తించదు. మీ పాలసీ కాగితం వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది, చదువుకోండి. మేం ఆ గొయ్యి పక్కనుంచి వెళ్లిపోయాం.

మా కారులో ఎప్పుడూ ఉండేవి చెప్పమని నర్సరీకొచ్చే కుర్రాళ్లు అడుగుతుంటారు. పార, గాలి పంపు, ఇరుక్కున్న బండిని లాగే రికవరీ స్ట్రాప్, దాన్ని తగిలించే ఇనప కొక్కేలు (డీ షాకిళ్లు) రెండు, చక్రం వెనక పెట్టడానికి టేకు దుంగ ముక్క, తాగునీళ్లు, దోమల మందు. కొబ్బరి తాళ్లు, ట్రాక్టరు గొలుసులు వద్దు, తెగితే మనిషి మీదకే వస్తాయి. స్ట్రాప్‌ని కంపెనీ ఇచ్చిన కొక్కేనికే తగిలించాలి. ట్రైలరు లాగే బంతికి తగిలిస్తే అది ఊడి తూటాలా ఎగురుతుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

అన్నీ చూసుకున్నాక జనవరిలో రద్దీ తగ్గాక గుడిసకే వెళ్దామనుకున్నాం. మా జిమ్నీ, మా తమ్ముడి కొడుకు థార్. జీపు కుర్రాడికి ఫోను చేసి, నీ బండి ముందు నడిపి దారి చూపిస్తావా, కిరాయిలో సగం ఇస్తాను, నీ బండిలో మనుషులు కూడా ఉండరు కదా అన్నాను. "మనుషులుంటేనే నయమమ్మా, వెనక బరువుంటే చక్రం పట్టు బాగుంటుంది. ఖాళీ బండి ఎక్కించడం కష్టం, అదే రేటు" అన్నాడు. బేరం ఇంకా తెగలేదు.